మపెట్స్ 2011 సినిమా: పాప నవ్వింది, నేను ఏడ్చా. ఇంతకీ ఇది ఎవరి సినిమా?

చిట్టి_నాన్న
నిన్న మధ్యాహ్నం మా పాపని పక్కన కూర్చోబెట్టుకుని 2011లో వచ్చిన ‘ద మపెట్స్’ అనే అమెరికన్ బొమ్మల సినిమా చూశా. పాపకి ఏడేళ్ళు. చూశాక ఇంట్లో చిన్న రభస జరిగింది, తీర్పు చెప్పించుకుందామని ఇక్కడికొచ్చా.

ముందు కొంచెం ఫ్లాష్‌బ్యాక్. 1989 వేసవిలో అమెరికా నుంచి మా బాబాయ్ వస్తూ ఒక క్యాసెట్ తెచ్చాడు. 1979 నాటి మొదటి మపెట్ సినిమా. తెనాలిలో మా వీసీఆర్‌లో పెడితే బొమ్మ నలుపు తెలుపులో వచ్చేది, పైగా కిందనుంచి పైకి జారిపోయేది. ఒకడు టీవీ వెనకాల నిలబడి మర తిప్పుతూ బొమ్మని ఆపితే మిగతావాళ్ళం చూసేవాళ్ళం. వంతులేసుకుని. మాటలు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అయినా చిత్తడినేలలో దుంగ మీద కూర్చుని బాంజో వాయించే ఆ కప్ప కోసం ఆ సెలవుల్లో క్యాసెట్ అరిగిపోయింది. కప్ప ఆకుపచ్చగా ఉంటుందని నాకు ఇంజనీరింగ్‌లో చేరాక తెలిసింది.

సరే, నిన్నటి సంగతి. కోళ్ళన్నీ వరసగా నిలబడి కొక్కొక్కొ అంటూ పాట పాడే చోట పాప సోఫా మీంచి జారిపడింది. పారిస్ ఎలా వెళ్ళాలని ఆలోచించి, కారుని మ్యాప్ మీద గీతలాగా నడిపించి దాటేస్తారు చూడండి, అది రెండుసార్లు వెనక్కి తిప్పించుకుంది. అంతవరకు బానే ఉంది. కెర్మిట్, అదే ఆ కప్ప, ఖాళీ బంగళాలో ఒక్కడే నడుస్తూ గోడ మీద పాత స్నేహితుల పటాలు చూసి పాడతాడు, పటాల్లో వాళ్ళు కదిలి గొంతు కలుపుతారు. నాకు ముక్కు కారడం మొదలైంది. పాప మాత్రం “ఇంకా ఎంతసేపు నాన్నా?” అంది.

అయిపోయాక అడిగింది: “వీళ్ళు అంత ఫేమస్ అయితే నాకెందుకు తెలీదు?” వంటింట్లోంచి మా ఆవిడ “అదే నేనూ అడుగుదామనుకున్నా” అంది.

నా కంప్లయింటు ఇదే. పిల్లల సినిమా అని పిలిచి కూర్చోబెట్టి, ముప్పావు వంతు ‘ఒకప్పుడు మనం ఎంత బావుండేవాళ్ళం’ అని పెద్దాళ్ళు చెప్పుకుంటే ఎలా? ఆ ఒకప్పుడు లేనివాళ్ళ గతేంటి? మీ ఇళ్ళల్లో ఏమైంది?

ఉప్పుచేప
నలుపు తెలుపులో కప్పని చూసి బాంజో వాయించే బల్లి అనుకున్నావా తెనాలన్నా

సైలెంట్_రీడర్_9
అసలు కథేంటో రెండు ముక్కల్లో ఎవరైనా చెప్పండి. నాకు మపెట్ అంటే బండి మీద డాష్‌బోర్డులో తల ఊపే బొమ్మ అని గుర్తు.

పాతరీలు
రెండు ముక్కల్లో నా వల్ల కాదు, నాలుగు ముక్కల్లో చెప్తా.

వాల్టర్ అని ఒక బొమ్మ. మనిషి తమ్ముడిగా పుట్టి పెరుగుతాడు, ఎందుకో ఎవరూ అడగరు, అదే సరదా. అన్న పొడుగవుతుంటే వీడు అంతే ఉంటాడు. టీవీలో పాత మపెట్ షో చూసి, నాలాంటివాళ్ళు ఉన్నార్రా అని పిచ్చి అభిమానం పెంచుకుంటాడు. ముగ్గురూ (అన్న, అన్న ప్రియురాలు, వాల్టర్) లాస్ ఏంజెలస్ వెళ్తే ఆ థియేటర్ దుమ్ముకొట్టుకుని ఉంటుంది. ఒక చమురు ఆసామి దాన్ని కొని, కూలగొట్టి, కింద నూనె తవ్వుకుందామని చూస్తుంటాడు. కోటి డాలర్లు కడితే థియేటర్ దక్కుతుంది. అందుకని విడిపోయిన బొమ్మలన్నిటినీ వెతికి పోగేసి, ఒక్క రాత్రి షో వేసి, జనం దగ్గర విరాళాలు పోగుచేయాలి.

చిట్టి నాన్న గారూ, ఇప్పుడు మీ ప్రశ్న. సినిమాల వరస చూడండి. 1979, 1981, 1984. ఇవి ఈ బొమ్మల్ని పుట్టించిన జిమ్ హెన్సన్ బతికుండగా వచ్చినవి. 1990 మే 16న ఆయన పోయాడు, 53 ఏళ్ళకే. తర్వాత 1992లో క్రిస్మస్ సినిమా, 1996లో నిధి దీవి, 1999లో అంతరిక్షం. చివరిది ఆడలేదు. 2004లో డిస్నీ ఈ బొమ్మల్ని కొనేసింది. అంటే పన్నెండేళ్ళు థియేటర్లో మపెట్ బొమ్మ లేదు. మీ పాప అడిగిన మాటే సినిమాలో టీవీ ఛానెల్ ఆవిడ కెర్మిట్ మొహాన్నే అంటుంది, మీరిప్పుడు ఎవరికీ గుర్తులేరు అని. చార్టు చూపించి మరీ అంటుంది. దాచిపెట్టలేదు, కథే అది. నాకు నచ్చింది ఆ నిజాయితీ.

కచ్చితంగా_కాదు
ముందు ఒక సాంకేతిక అభ్యంతరం. అమెరికా క్యాసెట్ ఎన్టీఎస్సీ, అంటే అక్కడి వీడియో పద్ధతి. మన వీసీఆర్ పాల్, ఇక్కడి పద్ధతి. అందులో పెడితే నలుపు తెలుపు కాదు, గీతలొస్తాయి అంతే. ఫ్లాష్‌బ్యాక్‌లో లాజిక్ లేదు.

రెండోది. నిజాయితీ అని పాతరీలు గారు అంటున్నది నాకు బతిమాలుకోవడంలా కనిపించింది. “మమ్మల్ని మర్చిపోయారు, పాపం మేము” అని గంటన్నర. పాత షోలో వాళ్ళు ఎప్పుడైనా జాలి అడిగారా? షో ఎలాగూ తగలడుతుంది, అయినా తెర ఎత్తుతారు. బాల్కనీలో ఇద్దరు ముసలాళ్ళు తిడుతూనే ఉంటారు. తిడుతూనే వారం వారం వస్తారు. దానికుండే పొగరు ఇందులో లేదు. ఫ్రాంక్ ఓజ్ ఊరికే పక్కకి తప్పుకోలేదు.

చిట్టి_నాన్న
ఆ వీసీఆర్ మా మావయ్య మస్కట్ నుంచి తెచ్చింది సార్. మల్టీ సిస్టమ్, రెండు పద్ధతులూ ఆడిస్తుంది. టీవీ మాత్రం మన దేశీ పాల్ టీవీ. అందుకే రంగు రాలేదు, అందుకే జారేది. లాజిక్ ఉంది, రంగే లేదు.

కచ్చితంగా_కాదు
గల్ఫ్ వీసీఆర్ అయితే ఒప్పుకుంటా. ముందే చెప్పాలి.

ఉప్పుచేప
ఈ ఫోరమ్ చరిత్రలో ఆయన ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. స్క్రీన్‌షాట్ తీశా.

ఓరుగల్లు_పోరడు
ఫ్రాంక్ ఓజ్ ఎవరన్నా? తప్పుకునుడేంది?

పాతరీలు
మిస్ పిగ్గీ అనే పంది, ఫోజీ ఎలుగు, డ్రమ్ములు బాదే యానిమల్, శామ్ గద్ద, ఈ నలుగురికీ చెయ్యీ గొంతూ ఒక్కడే. స్టార్ వార్స్‌లో యోడా కూడా ఆయనే. 1984 సినిమాకి దర్శకుడు కూడా. 2011 సినిమా స్క్రిప్టు తనకి నచ్చలేదనీ, ఆ పాత్రలకి ఇవ్వాల్సిన గౌరవం ఇవ్వలేదనిపించిందనీ పత్రికలకి చెప్పాడు. ఇందులో ఆ నలుగురినీ ఆడించింది ఎరిక్ జేకబ్సన్.

పాతవాళ్ళకి బాగా కుచ్చుకున్నది ఫోజీ బూట్లు అంటారు. అడుగేస్తే ‘బుర్ర్’ మని గాలి శబ్దం వచ్చే బూట్లు. ఫోజీవి పాచి జోకులే, కానీ ఆ రకం కాదు అని వాళ్ళ బాధ.

ఉప్పుచేప
మావాడు సినిమా మొత్తంలో గుర్తుపెట్టుకున్నది ఆ బూట్లే. క్షమించండి ఓజ్ గారూ.

న్యూజెర్సీ_సుభద్ర
మా ఇంట్లో సంగతి రివర్స్. నేను రాజమండ్రిలో పెరిగా, మపెట్ అనే మాటే వినలేదు. 2011 థ్యాంక్స్‌గివింగ్‌కి, ఇక్కడికొచ్చిన కొత్తలో, ఆఫీసులో అమెరికన్ కొలీగ్ తన పిల్లలతో పాటు నన్నూ తీసుకెళ్ళింది. హాల్లో నా ముందు వరసలో నలభై, యాభై ఏళ్ళవాళ్ళే. పాత టైటిల్ పాట మొదలై, గళ్ళు గళ్ళుగా ఉండే ఆర్చీల్లో బొమ్మలు ఒక్కొక్కటీ వచ్చి నిలబడేసరికి హాలంతా చప్పట్లు. నాకు ఒక్క బొమ్మ పేరు తెలీదు. అయినా ఒళ్ళు జలదరించింది. మన ఊళ్ళో పాత సినిమా రీరిలీజుకి వెళ్ళి, పక్కవాళ్ళ ఈలలకి మనకీ హుషారొస్తుందే, అలా.

కాబట్టి తెలీనివాళ్ళకి ఎక్కదు అంటే నేను ఒప్పుకోను. నాకు వాల్టర్ ఎక్కాడు. కొత్త దేశంలో, అందరికీ తెలిసిన పాట నాకొక్కదానికే తెలీదు అన్నట్టుండేది అప్పుడు నా పరిస్థితి. అతనికి అన్నీ తెలుసు, కానీ వాళ్ళలో ఒకడు కాదు. షోలో చెయ్యడానికి తనకేమీ రాదని బాత్‌రూములోకి వెళ్ళి దాక్కోవాలనిపించే రకం. అలాంటివాడు చివర్లో వెళ్ళి మైకు ముందు నిలబడి ఈల వేస్తాడు. అంతే, ఈల ఒక్కటే.

పాటలపిచ్చి
సుభద్ర గారు చెప్పిన ఆ ఈల ఆండ్రూ బర్డ్ వేసింది. సంగీతంలో ఈలనే వాయిద్యంగా వాడే మనిషి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

పాటలు రాసింది న్యూజీలాండ్ కుర్రాడు బ్రెట్ మెకెంజీ. దర్శకుడు జేమ్స్ బాబిన్‌తో కలిసి అంతకుముందు ఒక కామెడీ సీరియల్ చేశాడు. అన్న “నేను మనిషినా మపెట్‌నా” అని, తమ్ముడు “నేను మపెట్‌నా మనిషినా” అని అద్దాల ముందు గుండెలు బాదుకుంటూ పాడే పాటకి ఆస్కార్ వచ్చింది. అన్న అద్దంలో చూసుకుంటే మపెట్ కనిపిస్తాడు. తమ్ముడు చూసుకుంటే మనిషి, ఆ మనిషి నటుడు జిమ్ పార్సన్స్. బ్యాక్‌గ్రౌండ్‌లో 80ల నాటి ప్రేమ పాటల పియానో. సీరియస్‌గా పాడతారు కాబట్టే అంత నవ్వొస్తుంది.

కచ్చితంగా_కాదు
ఆ ఏడాది ఉత్తమ పాటకి నామినేషన్లు ఎన్నో కూడా చెప్పండి మరి. రెండు. రెండే రెండు. రెండోది రియో సినిమాలో చిలకల పాట. కప్పకీ చిలక్కీ పోటీ పెడితే కప్ప గెలిచింది.

ఓరుగల్లు_పోరడు
మన నాటు నాటు ఐదు పాటల మధ్యల గెలిచింది. ఊకె గుర్తు చేస్తున్న.

ఉప్పుచేప
ఏ దారం (థ్రెడ్) తీసుకున్నా మూడో మలుపులో నాటు నాటు రావాలి, రూలది

తెరవెనుక
చాలా రోజులుగా చదవడమే తప్ప రాయను. ఈ దారం చూసి ఆగలేకపోయా. హైదరాబాద్‌లో యానిమేషన్ పని, దానికి ముందు మూడేళ్ళు స్కూళ్ళలో చేతిబొమ్మలాటలు వేశా.

అందరూ కథ గురించి కొట్టుకుంటున్నారు. నన్ను కూర్చోబెట్టింది మాత్రం అవి బొమ్మలుగానే ఉండటం. 2011 అంటే గ్రాఫిక్స్‌తో ఏదైనా చేసేయొచ్చు. అయినా ఫెల్టూ ఫోమూ పట్టుకుని, కింద మనిషి నిలబడి చెయ్యెత్తి ఆడించాడు.

పని ఎలా ఉంటుందో చెప్తా. కుడిచెయ్యి తల లోపల. బొటనవేలు కింది దవడ, మిగతా నాలుగు వేళ్ళు పై దవడ. మాట పలికినప్పుడు పైది ఎగరకూడదు, బొటనవేలే కిందికి దిగాలి. లేకపోతే బొమ్మ మాట్లాడుతున్నట్టు ఉండదు, ఈగల్ని పడుతున్నట్టు ఉంటుంది. ఎడమచేత్తో సన్నటి కడ్డీ పట్టుకుని బొమ్మ చెయ్యి కదపాలి. ఎక్కువమంది కుడిచేతివాటం వాళ్ళే కాబట్టి కుడిచెయ్యి తలకి పోతుంది, ఎడంచెయ్యే మిగులుతుంది. అందుకే మపెట్స్‌లో చాలామందిది ఎడమచేతివాటం. కెర్మిట్ బాంజో ఎలా పట్టుకుంటాడో ఈసారి చూడండి.

సెట్లు ఎత్తు మీద కడతారు, వీళ్ళు కింద నిలబడి చేతులు పైకెత్తి ఉంటారు. బొమ్మని నేరుగా చూడరు. కాళ్ళ దగ్గర చిన్న మానిటర్ ఉంటుంది, అందులో కెమెరా కన్ను చూసేదే వీళ్ళూ చూస్తారు. అది అద్దం కాదు. బొమ్మని మీ కుడికి జరిపితే తెర మీద ఎడమకి పోతుంది. నేను ఒక స్నేహితుడి వీడియో కెమెరా, పాత టీవీ కలిపి ఇంట్లో ప్రయత్నించా. పది నిమిషాల్లో తల తిరిగి, భుజం పట్టేసి, బొమ్మని నేరుగా గోడకి గుద్దా. ఆ భుజంతో వీళ్ళు పాటలు పాడతారు.

చిట్టి నాన్న గారు చెప్పిన ఆ దుంగ సీను ఉందే, 1979ది. జిమ్ హెన్సన్ నీళ్ళ కింద ఉన్నాడు. ఒక లోహపు డబ్బా చేయించి, అందులో ఆయన్ని కుక్కి, నీట్లో ముంచి, గాలికి గొట్టం పెట్టి, లోపలే మానిటర్ పెట్టారు. పైన ఉన్న రబ్బరు తొడుగులోంచి చెయ్యి పైకి పెట్టి కప్పని ఆడించాడు. మీరు తెనాలిలో టీవీ వెనక నిలబడి మర తిప్పినప్పుడు, ఆయన ఆ దుంగ కింద నలిగిపోయి కూర్చుని ఉన్నాడు.

చిట్టి_నాన్న
ఇది నాకు తెలీదు. ఆ సీను ఇప్పుడు మళ్ళీ చూసొచ్చా. కాసేపు ఏం రాయాలో తోచలేదు.

ఉప్పుచేప
టీవీ వెనక ఒకడు, దుంగ కింద ఒకడు. పాపం కప్ప ఒక్కటే హాయిగా ఉంది.

నిమ్మలకుంట_దారి
మాది ధర్మవరం పక్క. మా నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు, దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చింది ఆ పనికే. మేక తోలు బొమ్మకీ ఫోమ్ బొమ్మకీ చుట్టరికం లేదు, నాకు తెలుసు. తెరవెనుక గారి పోస్టు చదివాక రాయకుండా ఉండలేకపోయా.

చిన్నప్పుడు నేను తెర వెనక్కి పోయి చూసినా. దీపం సెగ, చెమట, ఒకే మనిషి రెండు చేతుల్తో రెండు బొమ్మలు, గొంతు మార్చి మార్చి ఇద్దరి మాటా తానే, కాలితో చెక్క తొక్కి చప్పుడు. ముందు కూర్చున్నోళ్ళకి యుద్ధం, ఎనక ఉన్నోడికి వంట్లో నొప్పులు.

ఇంకోటి. మిస్ పిగ్గీ సినిమాలో కెర్మిట్‌ని చూసి కొప్పు ఎగరేసి ఒక్క గుద్దు గుద్దే మనిషి కదా? మా ఆటలో బంగారక్క ఉంది. జుట్టుపోలిగాడూ ఆమే రామాయణం మధ్యలో దూరి తిట్టుకుంటా కొట్టుకుంటా ఉంటే రాముడు సీతా కూడా ఆగాల్సిందే. పిగ్గీని చూస్తే నాకు బంగారక్కే. నవ్వించేదానికి ఆడబొమ్మకి ఆ నోరు, ఆ చెయ్యి ఎవరిచ్చినారో గానీ రెండు దేశాల్లోనూ ఇచ్చినారు.

న్యూజెర్సీ_సుభద్ర
బంగారక్క వోగ్ ఫ్యాషన్ పత్రిక పారిస్ ఆఫీసులో ఎడిటర్‌గా కూర్చున్నట్టు ఊహించుకుని టీ ఒలకబోసుకున్నా. సినిమాలో పిగ్గీ ఉద్యోగం అదే మరి.

ఓరుగల్లు_పోరడు
గొంజో ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. అదే వంకర ముక్కు నీలం బొమ్మ. ఫిరంగిల కూసొని ఎగిరేటోడు, ఇప్పుడు టాయిలెట్ల కంపెనీకి ఓనర్. సూటు బూటు. పాత దోస్తులొచ్చి పిలుస్తె ముందుగాల రానంటడు, తర్వాత సూటు చింపితే లోపట పాత వేషం అట్లనే ఉంటది. గా సీన్ల నేను మస్తు ఎమోషనల్ అయిన. నేను గుడ నాటకాలు బందువెట్టి బ్యాంకుల కూసున్నోన్ని.

పాతరీలు
తమ్ముడూ, ఆ గొంజో చెయ్యి మాత్రం మారలేదు. డేవ్ గోల్జ్. 1976లో షో మొదలైనప్పటినుంచీ ఆయనే, 2011లోనూ ఆయనే.

సైలెంట్_రీడర్_9
మరి కప్పకి? హెన్సన్ పోయాక ఎవరు?

పాతరీలు
స్టీవ్ విట్‌మైర్. 1990 నుంచి 2016 దాకా. ఇప్పుడు మాట్ వోగెల్.

కచ్చితంగా_కాదు
నా అసలు అభ్యంతరం ఇక్కడుంది. హెన్సన్ కప్పలో కాస్త చిరాకు ఉండేది. ఆ గోల మధ్య ఒక్క బుద్ధున్నవాడు, అప్పుడప్పుడూ చేతులు గాల్లో ఆడిస్తూ కేకలేసి మళ్ళీ సర్దుకునేవాడు. తర్వాతి కప్ప మరీ మంచివాడైపోయాడు. 2011లో పూర్తిగా సాధువు. ఓడిపోయాక మెట్లమీద నిలబడి, ఓడినా ఫర్వాలేదు, మనం కలిసి ప్రయత్నించాం అని హితబోధ చేస్తాడు. పాత కప్ప అయితే ముందు ఫోజీని నాలుగు తిట్టేవాడు.

తెరవెనుక
సగం ఒప్పుకుంటా. కానీ గొంతు మార్పుని అంత తేలిగ్గా తీసెయ్యకండి. ఆ బొమ్మలోకి కొత్త చెయ్యి పెట్టడమంటే ఏంటో ఒక్కసారి అనుకోండి. 1992 క్రిస్మస్ సినిమా విట్‌మైర్ కెర్మిట్‌గా చేసిన మొదటి మపెట్ సినిమా. దర్శకుడు హెన్సన్ కొడుకు బ్రయన్. ఆ సినిమాని హెన్సన్‌కీ, అదే ఏడాది పోయిన మపెట్ కళాకారుడు రిచర్డ్ హంట్‌కీ అంకితమిచ్చారు. ఆ షూటింగ్ వాతావరణం ఎలా ఉండుంటుంది? కొంచెం మెత్తగా రావడంలో ఆశ్చర్యం లేదు.

కచ్చితంగా_కాదు
1992 సినిమా గురించి నేనేమీ అనను. నటుడు మైకేల్ కెయిన్ చుట్టూ బొమ్మలున్నట్టే తెలీనట్టు, షేక్‌స్పియర్ నాటకంలో ఉన్నట్టు చేశాడు. అదీ పద్ధతి. 2011లో మనుషులు బొమ్మలకంటే బొమ్మల్లా నవ్వుతుంటారు.

న్యూజెర్సీ_సుభద్ర
ఏమీ అనను అంటూనే ఒక దెబ్బ వేశారు. మీరు బాల్కనీలో కూర్చోవాల్సినవారు సార్.

ఉప్పుచేప
రెండో ముసలాడి పోస్టు ఖాళీగా ఉంది, అప్లై చేసేవాళ్ళు చేసుకోండి

కచ్చితంగా_కాదు
తిడుతున్నా వస్తూనే ఉన్నా కదమ్మా. అర్హత ఉంది.

పాటలపిచ్చి
ముగింపు గురించి ఒక మాట. చూడనివాళ్ళు ఈ పోస్టు దాటేయండి. విరాళాల బోర్డు మీద కోటి డాలర్లకి ఒక్క డాలరు తక్కువ అని చూపిస్తుంటుంది కదా, ఫోజీ పొరపాటున తల గుద్దుకుంటే దశాంశ చుక్క ఎక్కడుందో బయటపడుతుంది. వచ్చింది లక్ష డాలర్లకి ఒక్క సెంటు తక్కువ. ఓడిపోతారు! పిల్లల సినిమాలో ఇలా ఓడించి, తలుపు తీస్తే వీధంతా జనం. నాకు ఇది మొత్తం సినిమాలో గొప్ప తెలివి. తర్వాత టైటిల్స్ మీద ఆసామి తలకి బంతి తగిలి మంచివాడైపోయి థియేటర్ ఇచ్చేయడం మాత్రం హడావుడి.

సైలెంట్_రీడర్_9
దాటేయమని చెప్పి ముందే చెప్పేశారు. ఇప్పుడు చూడాలా వద్దా

పాటలపిచ్చి
చూడండి. కోళ్ళ పాట ఇంకా చెప్పలేదుగా.

ఓరుగల్లు_పోరడు
గా ఆసామి నవ్వు? “మేనియాకల్ లాఫ్” అని నోటితోని చెప్తడు, నవ్వడు. నవ్వురాని విలన్. మా మేనేజరు గుర్తొచ్చిండు.

పాతరీలు
క్రిస్ కూపర్. ఆస్కార్ తీసుకున్న నటుడు, ఇక్కడ ర్యాప్ కూడా పాడాడు. ఈ ఆసామి పాత్ర మీద అమెరికాలో ఒక టీవీ ఛానెల్ చర్చ కూడా పెట్టింది, పిల్లలకి ధనవంతులంటే ద్వేషం నేర్పుతున్నారని. తర్వాత లండన్ ప్రెస్‌మీట్‌లో కెర్మిట్, పిగ్గీ కూర్చుని దానికి జవాబు చెప్పారు. బొమ్మల్ని విలేఖరులు రాజకీయాలడిగితే అవి చెప్పాయి. లోకం అంతే.

డబ్బు సంగతి అడిగేవాళ్ళకి: నాలుగున్నర కోట్ల డాలర్లు పెడితే పదహారు కోట్ల పైన వచ్చింది. ఆ ఊపుతో 2014లో ఇంకోటి తీస్తే అందులో సగానికి అటూఇటుగా ఆగిపోయింది. విచిత్రం, ఆ 2014 సినిమాలో జాలి లేదు, పొగరే ఉంది. కచ్చితంగా కాదు గారికి అది నచ్చి ఉండాలి.

కచ్చితంగా_కాదు
నచ్చింది. నాకొక్కడికే నచ్చినట్టుంది.

న్యూజెర్సీ_సుభద్ర
చిట్టి నాన్న గారి పాప ప్రశ్నకి నా జవాబు. ఇక్కడ పిల్లలకి కూడా కెర్మిట్ పెద్దగా తెలీదు. ఎల్మో అనే బొమ్మ అంటే చాలు ఎగిరి గంతేస్తారు. ఎల్మోది సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షో ఇల్లు, ఆ ఇంటి యజమానులు వేరు, డిస్నీకి వాటా లేదు. కెర్మిట్ మొదట్లో రెండిళ్ళలోనూ తిరిగేవాడు. కాబట్టి మీ పాపకి తెలీకపోవడం తెనాలి తప్పు కాదు, కంపెనీల పంపకాల తప్పు. ఫ్లోరిడా డిస్నీ పార్కులో మపెట్ల త్రీడీ షో ఉండేది, 1991 నుంచి ఆడింది. మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళా. 2025 జూన్‌లో అదీ మూసేశారు. చివరి రోజుల్లో వెళ్దామంటే మా పెద్దాడు “అమ్మా, నీకోసమైతే వస్తా” అన్నాడు. ఆ మాటకి ఏమనాలో ఇప్పటికీ తెలీదు.

ఉప్పుచేప
మా ఇంట్లో గలీ గలీ సిమ్‌సిమ్ చూసేవాళ్ళు. సెసమీ స్ట్రీట్‌కి మన దేశం రూపం. హిందీ రాకపోయినా అందులో చమ్‌కీ అనే బొమ్మ అంటే పడి చచ్చేది మా చెల్లెలు. కాబట్టి మాకు కెర్మిట్ పెదనాన్న కొడుకు వరస అవుతాడు. సీరియస్ పోస్టు వేశా, ఎవరూ స్క్రీన్‌షాట్ తియ్యొద్దు.

తెరవెనుక
పాపకి ముందు ఏది చూపించాలనేది ఒక్కటే నాకు ప్రశ్న. 2011 సినిమా రెండోది కావాలి, మొదటిది కాకూడదు. 1979ది పెట్టండి. కెర్మిట్ సైకిల్ తొక్కే చోట పాజ్ చేసి, “చెయ్యి లేకుండా ఎలా తొక్కుతున్నాడు?” అని అడగండి. జవాబు చెప్పకండి.

చిట్టి_నాన్న
అప్‌డేట్. ఇవాళ సాయంత్రం తెరవెనుక గారి మాట విని 1979ది పెట్టా.

దుంగ సీనుకి ముందే చెప్పా, కింద నీళ్ళల్లో ఒకాయన డబ్బాలో కూర్చున్నాడని. పాట అయ్యేదాకా నీళ్ళవంకే చూసింది, బుడగలొస్తాయేమోనని. పాట వినలేదు. నాకు కొంచెం ఉసూరుమంది. సైకిల్ దగ్గర పాజ్ చేసి అడిగా. “బ్యాటరీ” అంది. కాదన్నా. “అయస్కాంతం.” కాదన్నా. సినిమా మిగతా గంట చూడలేదు, తన చిన్న సైకిల్ హాల్లోకి తెచ్చి, సీటు మీద ఎలుగుబంటిని కూర్చోబెట్టి, బట్టలారేసే దారం కట్టి పైనుంచి లాగుతూ కూర్చుంది. ఎలుగుబంటి పదమూడుసార్లు పడింది. మా ఆవిడ లెక్కపెట్టింది.

పడుకునే ముందు అడిగింది, నువ్వు చిన్నప్పుడు నలుపు తెలుపులో ఎందుకు చూశావని. టీవీ సెట్టింగుల్లో రంగు సున్నా చేసి, చూడు, ఇలా కనిపించేవాడు నాకు అని చూపించా. గొంతు కొంచెం బొంగురుపోయింది నాకు. పాప పది సెకన్లు చూసి, “ఛీ, రంగు పెట్టు” అంది.

కచ్చితంగా_కాదు
పాప నా పార్టీ.

తెరవెనుక
పైనుంచి దారం కట్టాలని తనకే తట్టిందా? సినిమావాళ్ళూ ఇంచుమించు అదే చేశారు, పైన క్రేన్, సన్నటి తీగలు. పాపకి చెప్పండి.

చిట్టి_నాన్న
నిద్రపోయింది. రేపు చెప్తా.

సైలెంట్_రీడర్_9
అన్నా చివరిగా ఒకటి. ఆ మస్కట్ వీసీఆర్ ఇంకా ఉందా?

చిట్టి_నాన్న
తెనాలిలో అటక మీద ఉంది. దాని మీద అమ్మ ఆవకాయ జాడీ పెట్టింది, తియ్యనివ్వదు.